బడీ మేమూ – 9: పార ఎవరి చేతికి?

పోయిన భాగంలో హాస్టల్ అన్నం గురించి రాశాను కదా. అది చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ప్రభుత్వ బడిలో టీచరు, మనవాడే. "అన్నా, మా బడిలో కూరగాయల తోట వేయమన్నారు. పిల్లలతో పాదులు చేయిస్తే తప్పా? నువ్వు చూస్తే వెట్టి అని పోస్టు పెడతావేమో" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఫోన్లో తేలే సంగతి కాదు, రాస్తానన్నాను. ఇదిగో రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్పాలి. 1988. ఏడో తరగతి. గుంటూరు జిల్లాలో పత్తి ఊరు మాది. అంతకు ముందు పంటను తెల్లదోమ ఊడ్చేసింది. రైతులు అప్పులకి తట్టుకోలేక పురుగుమందు తాగి చచ్చిపోయిన రోజులవి. ఏ ఇంటి చూరు కింద చూసినా మందు డబ్బాలే. మా హైస్కూలు వెనక కాస్త ఖాళీ స్థలం ఉంటే వంగ, బెండ వేశారు. టైంటేబుల్లో వారానికి రెండు పీరియడ్లు "తోటపని". కాగితం మీద అది అందరిదీ. నేల మీదకొచ్చేసరికి తవ్వేది, పెంట మోసేది, గట్లు వేసేది మాలపల్లె, మాదిగపల్లె పిల్లలం. ఊళ్ళో పిల్లలు నీళ్ళు పోసేవాళ్ళు. బళ్ళో బావి ఉంది, చేద మా చేతికివ్వరు, అందుకని. ఈ పంపకం ఎవరూ రాసి పెట్టలేదు. "మీకు అలవాటే కదరా" అనే ఒక్క మాట చాలు, మేం లేచి పార పట్టుకునేవాళ్ళం. కోసిన కాయలు సంచుల్లో సార్ల ఇళ్ళకి పోయేవి. మేం పెంచిన వంకాయ రుచి ఎలా ఉంటుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒక శనివారం వంగకి పురుగు పట్టింది. ఎవరో రైతు ఇంటి నుంచి స్ప్రేయరు, "మోనో" డబ్బా తెప్పించారు. మోనో అంటే మోనోక్రోటోఫాస్. పత్తి జిల్లాల వాళ్ళకి పరిచయం అక్కర్లేదు. "మీ నాయన కూలికి పోయి కొడతాడుగా, నీకు తెలుస్తదిలే" అని సారు నా వీపుకి పంపు కట్టించాడు. చేతికి గుడ్డ లేదు, ముక్కుకి గుడ్డ లేదు. గాలికి ఎదురు నడవకూడదని చెప్పినవాడు లేడు. మూడో సాలు దగ్గర నోరంతా నీళ్ళూరడం మొదలైంది. కళ్ళు మసకలయ్యాయి. వాంతులు. నీడలో పడుకోబెట్టి, మజ్జిగ దోసిట్లో పోసి, ఇంటికి పంపించారు. దోసిట్లో ఎందుకు పోశారో ఈ పేజీ చదివేవాళ్ళకి వేరే చెప్పాలా?

సోమవారం అమ్మ కూలి మానుకుని బడికొచ్చింది. వరండా ఎక్కలేదు, కిందే నిలబడింది. "అయ్యా, నా బిడ్డతో మందు కొట్టిచ్చేముందు నన్నొక్క మాట అడగబళ్ళేదా?" అంది. సారు కోపంగా కూడా లేడు. "అడిగితే ఏం చెప్తావే? రేపు పొలంలో కొట్టేవాడేగా" అన్నాడు. అమ్మ కాసేపు నిలబడి వచ్చేసింది.

ఆ సారు దుర్మార్గుడని రాసి ముగించొచ్చు. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఆయన సొంతం కాదు. దానికి పెద్ద వంశవృక్షం ఉంది.

1882లో మహాత్మా ఫూలే హంటర్ కమిషన్‌కి నివేదన ఇచ్చాడు. ప్రాథమిక విద్య అందరికీ తప్పనిసరి చేయమన్నాడు. చదువులో వ్యవసాయం మొదటి పాఠాలు ఉండాలన్నాడు. దానితోపాటు ఇంకో మాట చేర్చాడు: నాగలి మేడి పట్టడానికి, బాడిస పట్టడానికి సిగ్గుపడని మనుషులు పంతుళ్ళుగా రావాలి. ఇది చాలామంది చదివి దాటేస్తారు. బడిలోకి మట్టిపనిని రానిస్తే, ముందు పంతులు చేతికి అంటనివ్వు అన్నాడు ఫూలే.

తర్వాత 1937, వార్ధా. గాంధీ పిలుపు మీద సమావేశం జరిగింది, జాకిర్ హుస్సేన్ కమిటీ పథకం రాసింది. ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా, ఒక చేతివృత్తి మధ్యలో పెట్టి చదువు చెప్పాలి. రోజుకి ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు ఆ వృత్తికే. నూలు, నేత, వడ్రంగం, వ్యవసాయం, పళ్ళ కూరగాయల తోట, తోలుపని కూడా. పిల్లలు చేసిన సరుకుతో పంతులు జీతం రాబట్టాలన్న ఆశ కూడా అందులో ఉంది. చేతిపనికి గౌరవం తేవాలన్న ఉద్దేశాన్ని నేను వెక్కిరించను. అగ్రహారం పిల్లవాడు తోలు తాకితే అది నిజంగానే కొత్త సంగతి. మరి మాదిగ పిల్లవాడికి తోలుపని నేర్పితే కొత్తేముంది? వాడు బడికొచ్చిందే దాన్ని కాసేపు కింద పెట్టడానికి. ఒకే పార ఒకడికి పాఠం, ఇంకొకడికి శిక్ష. ఈ తేడా ఆ పథకానికి కనపడలేదు.

1953 జూన్. రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి. ఆంధ్ర ఇంకా మద్రాసులోనే ఉంది, అక్టోబరు 1 దాకా. పల్లెల్లో ప్రాథమిక బడి మూడు గంటలే అన్నాడు. మిగిలిన పొద్దు పిల్లలు ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. చాకలి కొడుకు రేవుకి, మాదిగ కొడుకు లంద దగ్గరికి. పెరియార్ దీన్ని కులవిద్య అని పేరు పెట్టి ఉతికి ఆరేశాడు. 1954లో కామరాజ్ వచ్చి రద్దు చేశాడు. రద్దయింది కాగితం. 2016లో బాలకార్మిక చట్టం సవరించినప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదని రాస్తూనే, బడి వేళలయ్యాక కుటుంబం పనిలో సాయం చేయొచ్చని మినహాయింపు పెట్టారు. మన కుటుంబాల పని ఏమిటో రాసినవాళ్ళకి తెలియదా? మా సారు రాజాజీని చదివి ఉండడు. "మీకు అలవాటే" అన్నాడు, అంతే. మూడు గంటల బడి పథకం మొత్తం ఆ రెండు మాటల్లో ఇమిడిపోయింది.

భద్రత సంగతి దీనికి వేరు కాదు. అలవాటే అనుకున్న ఒంటికి చేతి తొడుగు ఎవరు కొంటారు? మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద కొట్టకూడదని 2005లో నిషేధించారు. నేను కొట్టిన 17 ఏళ్ళకి. 2013 జూలై 16న బీహార్ సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అన్నంలో కలిసింది ఈ మందే. ఆ వార్త చదివిన రాత్రి నాకు నోట్లో మళ్ళీ ఆ ఉమ్ము ఊరింది.

కాబట్టి తమ్ముడూ, తోట వెయ్యి. 2019లో కేంద్రం బడితోటల మార్గదర్శకాలు ఇచ్చింది, పండింది పిల్లల పళ్ళెంలోకే రావాలంది. మంచిదే. కానీ మొదటి గుంట నువ్వే తవ్వు, నీ తోటి టీచర్లతోనూ తవ్వించు. పని హాజరుపట్టీ వరస ప్రకారం పంచు. పేడ ఎత్తే రోజు, నీళ్ళు పోసే రోజు, కాయ కోసే రోజు, మూడూ ప్రతి పేరుకీ రావాలి. ఆడపిల్లలకి ఊడ్చే పని, మనవాళ్ళకి తవ్వే పని అని దానంతటదే జారిపోతుంది, నువ్వు చూడకపోతే. బడిలోకి మందు డబ్బా అడుగు పెట్టనివ్వకు, పురుగు తింటే తిననీ. పొదలు కొట్టడం, రాళ్ళు తియ్యడం పెద్దల పని, పాముంటుంది. గడ్డపార పిల్లలకి వద్దు. ఇంటికి చీటీ పంపించు, చదవలేని తల్లికి నువ్వే వెళ్ళి చెప్పు. వద్దంటే ఆ బిడ్డకి మార్కులు తగ్గించకు. చెట్టు ఎండిపోతే పిల్లవాణ్ణి కొట్టకు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఉంది. బాధ్యత నేర్పడమంటే తప్పు వాడి నెత్తిన వెయ్యడం కాదు. నీళ్ళ తాళంచెవి, కాయల లెక్క వాడికి ఇస్తే అప్పుడు వాడిది బాధ్యత.

ఇదంతా రాసి ముందు వాడికే పంపాను. పదిరోజులకి మళ్ళీ ఫోన్. రోల్ నంబర్ 1 నుంచి మొదలుపెట్టాడట. నాలుగో రోజు ఒక తండ్రి బండి మీద బడికొచ్చాడు. "మమ్మల్ని అడక్కుండా మావాడితో పేడ ఎత్తిస్తారా?" అని. ఏ వీధి నుంచి వచ్చాడో మీరు ఊహించగలరు.

అడిగింది న్యాయమైన ప్రశ్నే. చీటీ పంపడం మావాడు మర్చిపోయాడు, తప్పు ఒప్పుకున్నాడు. హెడ్మాస్టరు ఆయన్ని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించి, క్షమాపణ చెప్పి పంపించాడట.

అమ్మకి ఫోన్లో ఈ సంగతి చెప్పాను. డెబ్బై దాటింది, చెవి సరిగ్గా వినపడదు. రెండుసార్లు చెప్పించుకుంది. "కుర్చీ ఏశాడా?" అంది.

(ఇంకా ఉంది)