ఆర్థిక మాంద్యంలో కృష్ణా డెల్టా

వానలు లేక, పైరు ఎండి కరవు వచ్చుట మన పూర్వులు ఎరిగినదే. కాని గాదెలు నిండియుండగా ఇల్లు గడవని కాలం ఒకటి కృష్ణా డెల్టాకు వచ్చినది. 1929 నుండి కొన్నేండ్లపాటు లోకాన్ని పీడించిన ఆర్థిక మాంద్యం అది. మన ప్రాంతం దానికి ఎట్లు లోబడినదో, ఎట్లు తేరుకొన్నదో ఒకసారి నెమరు వేసికొందాం.

బెజవాడ వద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తి అయినది. మెట్ట భూములు మాగాణి అయినవి. రైతు తిండికే గాక అమ్మకానికి కూడ వరి పండింపసాగినాడు. భూమి విలువ పెరిగినకొలది దాని హామీపై అప్పు పుట్టుట సులభమైనది. కాలువ నీటితో సంపద వచ్చినది; దానివెంటనే దూరదేశపు బజారుల ఒడుదుడుకులు కూడ మన పొలాలకు చేరినవి.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలినది. బర్మా బియ్యం చౌకగా మదరాసు రాష్ట్రపు రేవులలో దిగినది. కొన్నేండ్లలోనే ధాన్యం ధర ఇంచుమించు సగానికి పడిపోయినది. ధర సగమైనది గాని శిస్తు సగం కాలేదు, వడ్డీ సగం కాలేదు. మునుపు పది బస్తాలు అమ్మి శిస్తు కట్టిన రైతు ఇప్పుడు ఇరువది బస్తాలు అమ్మవలసి వచ్చినది. పత్రం మీద అప్పు అంకె మారలేదు. ధాన్యంలో లెక్కించినచో అది రెట్టింపయినది. మాంద్యపు బాధ అంతయు ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

ఇది చాలదన్నట్లు, ఆ దినాలలోనే ప్రభుత్వం కృష్ణా, గోదావరి జిల్లాలలో శిస్తును నూటికి 18¾ చొప్పున, అనగా రూపాయికి మూడణాలు, పెంచ సంకల్పించినది. ఎన్.జి. రంగా, దండు నారాయణరాజు మొదలగువారి నాయకత్వాన రైతులు దీనిని ఎదిరించినారు. అంతకు ముందు ఎవరి గట్టుమీద వారు నిలిచిన రైతులకు సంఘబలం ఏమిటో ఈ కష్టమే నేర్పినది.

1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని విడిచిన పిదప బంగారం ధర హెచ్చినది. దేశమంతటా కుటుంబాలు నగలు అమ్మి అప్పులు, పన్నులు చెల్లించినవి. ఆ బంగారం ఓడలెక్కి సీమకు పోయినది. ఇల్లాలి మెడలోని బంగారమే ఆనాటి సంసారాలకు కడపటి ఆధారం.

ఉపశమనం మెల్లగా వచ్చినది. 1929లో మదరాసులో ఏర్పడిన కేంద్ర భూమి తనఖా బ్యాంకు దీర్ఘకాలపు ఋణాలకు దారి చూపినది. 1937 జులైలో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుండి మదరాసుకు కాలినడకన బయలుదేరినది. ఆ నెలలోనే రాజగోపాలాచారి మంత్రివర్గం ఏర్పడినది. అందు టంగుటూరి ప్రకాశం పంతులు రెవిన్యూ మంత్రి. 1938లో ఋణ విమోచన చట్టం వచ్చినది. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై, 1937 అక్టోబరు 1 నాటికి బకాయిపడిన వడ్డీని అది కొట్టివేసినది. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టియున్నచో ఆ అప్పు తీరినట్లే. క్రొత్త అప్పుపై వడ్డీ ఏడాదికి రూపాయికి అణా మించరాదని విధించినది.

ఈలోగా పట్టణం పెరిగినది. 1931లో బెజవాడ జనసంఖ్య సుమారు 60 వేలు. 1941 నాటికి 86 వేలు దాటినది. పల్లెలో బ్రతుకు ఇరుకైనకొద్దీ పట్టణపు వర్తకం, మిల్లులు, చదువులు జనాన్ని ఆకర్షించినవి. 1942లో జపాను బర్మాను ఆక్రమించగా అక్కడి బియ్యం రాక ఆగి, ధాన్యం ధర విజృంభించినది.

అయితే అందరూ తేరుకొన్నారా? ఋణ విమోచన చట్టం భూమిలో హక్కు గలవారికే వర్తించినది. పరుల చేలో నాట్లు వేసి కోతలు కోసిన కూలికి అందులో చోటు లేదు. ధర పడిన దినాలలో అతనికి పని కరవు. ధర పెరిగిన దినాలలో కొనితినే గింజ ప్రియం. వేలంలో పోయిన భూములు కూడ ధర కోలుకొన్నంత మాత్రాన పాత యజమానులకు తిరిగిరాలేదు.

1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బరాజు వెలసినది. దాని మీదుగా పోవునపుడు క్రింద కాలువలలోకి మళ్ళే నీటిని మనం చూస్తాం. ఆ నీరు పంటను పండించగలదు గాని, పండిన పంటకు న్యాయమైన వెలను తేజాలదు. అది మనుషులు కూడి సాధించుకొనవలసినది. మాంద్యం మన డెల్టాకు నేర్పిన పాఠం ఇదే.