కోనసముద్రం ఉక్కు: వేడి నేర్పిన పాఠం

ఇనుప కడ్డీని కొలిమిలో ఎంతగా కాల్చితే అంత సులువుగా వంగుతుంది. కమ్మరి పని చూసినవారికి ఇది తెలిసిన సంగతే. కానీ ఒక రకం ఉక్కు ఈ నియమానికి లొంగలేదు. ఐరోపా కమ్మరులు అలవాటు కొద్దీ దానిని తెల్లగా మెరిసేదాకా కాల్చి సుత్తితో కొడితే, వంగడానికి బదులు ముక్కలైపోయింది. ఆ ఉక్కు మన దేశం నుంచి వెళ్ళినదే. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ దాని నమూనాలను లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. వారు దాన్ని 'వూట్జ్' అన్నారు. తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' అనే మాటే అలా మారిందని పలువురి అభిప్రాయం.

ఈ ఉక్కు తయారీకి పేరుపొందిన ఊళ్ళలో నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకటి. 1820 ప్రాంతంలో ఇక్కడి పని చూసిన హెన్రీ వాయ్‌సీ రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూసి, గంటల తరబడి కాల్చేవారు. ఇనుము కర్బనాన్ని పీల్చుకుని, కరిగి, ముద్దగా గడ్డకట్టేది. ఆ ముద్దలు చాలా గట్టివి. వాటికి మట్టి పూసి, మళ్ళీ మళ్ళీ కాల్చి, చల్లార్చి మెత్తబరిచేవారు. వీటిని కొనడానికి పర్షియా వర్తకులు ఇంతదూరం వచ్చేవారు.

మరి తెల్లని వేడిలో ఎందుకు పగిలింది? మామూలు మెత్తని ఇనుములో కర్బనం అతి స్వల్పం. అది 1,400 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటినా ఘనంగానే ఉంటుంది. వూట్జ్‌లో కర్బనం సుమారు 1.3 నుంచి 2 శాతం. ఇనుములో ఇమడని కర్బనం ఐరన్ కార్బైడ్‌గా మారి, స్ఫటికాల అంచుల్లో చేరుతుంది. వేడి 1,150 డిగ్రీలు దాటితే కర్బనం బాగా పేరుకున్న చోట్ల లోహం కరగడం మొదలవుతుంది. స్ఫటికాల మధ్య పట్టు వదిలిపోయాక సుత్తి దెబ్బకు అది నిలవదు. ఎర్రని వేడిలో, అంటే సుమారు 700 నుంచి 900 డిగ్రీల మధ్య కొడితే మాత్రం చక్కగా సాగుతుంది.

వేడి చేసే పని అంతటితో ఆగదు. ఎర్రగా కాలిన ఉక్కును నీటిలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. దాన్ని తిరిగి 200 నుంచి 300 డిగ్రీల దాకా కాల్చితే కొంత గట్టిదనం తగ్గి, విరగకుండా వంగే గుణం వస్తుంది. ఇక్కడొక విశేషం ఉంది. కొద్ది బరువుకు ఉక్కు ఎంత వంగుతుందన్నది ఈ పదును వల్ల దాదాపు మారదు. ఎంత బరువు దాకా వంగి తిరిగి నిటారవుతుందన్నదే మారుతుంది.

ఈ రహస్యం కోసం మైకేల్ ఫారడే కూడా శ్రమించాడు. వూట్జ్ గొప్పతనం అల్యూమినా వల్ల వచ్చిందని 1819లో ఆయన భావించాడు. అది సరికాదు. అయితే ఆ కుతూహలంతో జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఆయన చేసిన ప్రయోగాలు మిశ్రమ ఉక్కుల పరిశోధనకు తొలి మెట్టుగా నిలిచాయి. 20వ శతాబ్దంలో అమెరికా శాస్త్రజ్ఞులు షెర్బీ, వాడ్స్‌వర్త్ ఇలాంటి అధిక కర్బన ఉక్కును సన్నని స్ఫటికాలుగా మలచి, తగిన వేడిలో లాగితే అసాధారణంగా సాగుతుందని చూపారు.

ఆనాటికి కోనసముద్రం కొలిములు ఎప్పుడో చల్లారిపోయాయి. 1856లో వచ్చిన బెస్సెమర్ పద్ధతితో ఉక్కు చవకైంది. 19వ శతాబ్దంలో మూస ఉక్కుకు గిరాకీ పడిపోయింది. మన కమ్మరులకు ఉష్ణమాపకాలు లేవు. మంట రంగే వారి కొలత. ఆ కొలతను వారు పుస్తకంలో రాయలేదు, చేతి పనిగా బిడ్డలకు నేర్పారు. పని పోయిన నాడు నేర్చుకునేవారూ పోయారు. చూసినవారు రాసిపెట్టిన కొన్ని పుటలూ, ఊరి పొలాల్లో దొరికే మూసల పెంకులే నేడు మిగిలిన ఆధారాలు. చేతి పనిలోని శాస్త్రాన్ని సకాలంలో రాసి ఉంచుకోకపోతే, దాన్ని తిరిగి కనుగొనడానికి ఎన్ని తరాలు పడుతుందో ఈ ఉక్కు కథ చెబుతోంది.