ఎర్రగుంట్ల గనుల్లో చంటిబిడ్డ గది

కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేల సున్నపురాయిది. పలకలుగా చీలిన రాయి కడప బండలుగా ఇళ్ళలో పరుచుకుంటుంది. మరికొంత సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది. ఆ రాయి తీసే పనికి తల్లి పోతే పాలు తాగే బిడ్డ కూడా వెంట పోవాల్సిందే. ఆ బిడ్డను నీడన పడుకోబెట్టే బాధ్యత ఎవరిది, ఆ పని చేయకపోతే అడిగేదెవరు అన్న సంగతులు చట్టంలోకి ఆలస్యంగా వచ్చాయి.

కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1934 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసేచోట పిల్లల గది పెట్టించే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. 1948 చట్టంలోని 48వ సెక్షన్ దాన్ని యజమాని విధిగా మార్చింది. ఆరేళ్ళలోపు పిల్లలకు గాలీ వెలుతురూ వచ్చే శుభ్రమైన గది, దాన్ని చూసుకోవడానికి శిక్షణ పొందిన స్త్రీ ఉండాలని అది చెప్పింది. 1976లో ఆ 50ని 30కి తగ్గించారు.

1952 గనుల చట్టం దారి వేరు, ఇంకా మేలైనది కూడా. గడచిన 12 నెలల్లో ఏ ఒక్కరోజు ఆడవాళ్ళు పనిచేసిన గనిలోనైనా గది పెట్టించే అధికారం అందులో ఉండేది. 1966 గనుల క్రెష్ (పిల్లల గది) నియమాలు దాని మీదే నిలిచాయి. అయితే అదే చట్టం సున్నపురాయి, కట్టడపు రాయి తీసే చిన్న క్వారీలను చాలావరకు వదిలేసింది. లోతు ఆరు మీటర్లు దాటకుండా, ఏ రోజూ 50 మందికి మించకుండా, మందుగుండు వాడకుండా ఉంటే సరిపోయేది. చేతి పనిముట్లతో పలకలు చీల్చే క్వారీ ఈ కొలతల్లో తేలిగ్గా ఇమిడిపోయేది. గది అక్కరే ఎక్కువగా ఉన్నచోట చట్టం చేయి తీసేయడం పెద్ద లోపం.

తనిఖీ కూడా రెండుగా చీలింది. గనిని కేంద్రం చేతిలోని గనుల భద్రతా డైరెక్టరేట్ చూసేది, దాని ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. రాయి పాలిష్ ఫ్యాక్టరీకి చేరాక అది రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ పరిధి. తల్లి క్వారీ వదిలి పాలిష్ పనికి మారితే బిడ్డ హక్కు కూడా మారిపోయేది.

ఫిర్యాదు చేయడం అంతకన్నా కష్టంగా ఉండేది. ఫ్యాక్టరీల చట్టం 105వ సెక్షన్ ప్రకారం, ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు గానీ రాతపూర్వక అనుమతి గానీ లేకుండా కోర్టు కేసు తీసుకునేది కాదు. తల్లి నేరుగా కోర్టుకెక్కే వీలుండేది కాదు. 1987లో 118ఎ సెక్షన్ చేర్చాక, ఫిర్యాదు చేసినవారి పేరు ఇన్‌స్పెక్టరు బయటపెట్టకూడదు, ఫిర్యాదు మీదే తనిఖీకి వచ్చానని కూడా చెప్పకూడదు అన్న నియమం వచ్చింది. పేరు తెలిస్తే రేపటి కూలి పోతుందని భయపడే మనిషికి అది నిజమైన రక్షణగా ఉండేది.

ప్రసూతి ప్రయోజనాల చట్టం మరో తలుపు తెరిచింది. దాని కింద బాధిత మహిళే కోర్టులో ఫిర్యాదు చేయగలిగేది, ఏడాదిలోపు. 2017 సవరణ 50 మంది ఉద్యోగులున్నచోట క్రెష్‌ను ఈ చట్టంలోకి తెచ్చింది. తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్ళే హక్కు కూడా అప్పుడే వచ్చింది.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి, గనినీ ఫ్యాక్టరీనీ ఒకే చట్టం కిందికి తెచ్చింది. క్రెష్ లెక్క ఇప్పుడు 50 మందికి మించిన కార్మికులు, ఆడా మగా కలిపి. గనుల చట్టంలో ఆడవాళ్ళ సంఖ్యతో పనిలేకుండా దొరికిన గది ఈ లెక్కలో కనిపించదు.