పోరుమామిళ్ల తటాక శాసనం: నేల, శిల, ఊటనీటి పరిశీలన

ఉపోద్ఘాతం

చెరువుల శాసనాలలో సాధారణంగా దాత వంశవర్ణన, దానఫలం ప్రధానంగా కనిపిస్తాయి. శక సంవత్సరం 1291 (క్రీ.శ. 1369) నాటి పోరుమామిళ్ల శాసనం వీటితోపాటు చెరువుకు తగిన స్థలం ఎలా ఉండాలో కూడా చెబుతుంది. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుండి పాలించిన భాస్కర భవదూరుడు నేటి కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల వద్ద ఈ తటాకాన్ని నిర్మింపజేశాడు. ఈ సంస్కృత శాసనాన్ని వి.ఎస్. సుక్తంకర్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 14వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించారు. నిర్మాణానికి రెండేళ్లు పట్టిందని, రోజూ 1000 మంది పనివారు, రాతిపనికి 100 బండ్లు వినియోగమయ్యాయని శాసనం తెలుపుతుంది. ఇంత శ్రమ వెచ్చించే పనిలో స్థలనిర్ణయం తప్పితే మిగిలిన నైపుణ్యమంతా వృథా అవుతుంది. శాసనంలోని 12 సాధనాలను, 6 దోషాలను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది.

నేల స్వభావం

సాధనాలలో ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు అనే రెండింటి తరువాత మూడవదిగా గట్టి బంకమట్టి గల నేలను శాసనం పేర్కొంటుంది. బంకమట్టి రేణువులు అతి సూక్ష్మమైనవి. వాటి మధ్య ఖాళీలు చిన్నవి కావడంతో నీరు చాలా నెమ్మదిగా కదులుతుంది. ఇసుకనేలలో ఈ గుణం లేదు. అందువల్ల బంకనేల చెరువు అడుగున నీటిని నిలుపుతుంది, కట్టకు ఆధారమవుతుంది. దోషాలలో చవుడునేల చేరడాన్ని కూడా దీనితో కలిపి చూడాలి. మట్టి గట్టిగా ఉంటే చాలదు, దాని గుణం కూడా మంచిదై ఉండాలన్నది శాసనకర్త ఆశయం. సోడియం అధికంగా గల బంకమట్టి నీటిలో విడిపోయి కోతకు గురవుతుందని ఆధునిక మృత్తికాశాస్త్రం చెబుతుంది. అయితే శాసనకర్తకు ఈ కారణం తెలుసునని చెప్పడానికి ఆధారం లేదు. ఉప్పునేల పంటకు, నీటికి చేసే చెరుపే అతని దృష్టిలో ఉండవచ్చు.

కొండలు, కట్ట

చెరువును ఆనుకొని కొండ ఉండాలని, కొండభాగాల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట ఉండాలని, నిడుపైన రాళ్లు దొరికే గని ఉండాలని శాసనం చెబుతుంది. పోరుమామిళ్ల చెరువు నాలుగు గుట్టలను మూడు కట్టలతో కలిపి ఏర్పడింది. కట్టవలసిన పొడవు ఇందువల్ల తగ్గింది. అయితే ఒక్కొక్క కట్టకు రెండు కొసల చొప్పున మట్టి, రాయి కలిసే చోట్లు ఆరు ఏర్పడ్డాయి. రాయి గట్టిదైనా దాని పగుళ్ల గుండా, మట్టి సరిగా అతకని సందుల గుండా నీరు దారి చేసుకుంటుంది. కాబట్టి కొండ ఆసరా ఎంత లాభమో, ఆ అతుకు అంత జాగ్రత్త కోరుతుంది.

ఊటనీరు

ఆరు దోషాలలో మొదటిది కట్ట నుండి నీరు ఊరడం. మట్టికట్టలో కొంత ఊట సహజం. ఆ నీరు మట్టిరేణువులను వెంట తీసుకుపోవడం మొదలైనప్పుడే అపాయం. తేటగా వచ్చే ఊట బురదగా మారితే లోపల సన్నని దారి ఏర్పడుతోందని అర్థం. అది క్రమంగా చెరువు వైపుకు పెరిగి కట్టను తెగగొట్టగలదు. గట్టినేల సాధనాలలోను, ఊట దోషాలలోను ఉండడం యాదృచ్ఛికమనిపించదు. అవి ఒకే సమస్యకు రెండు ముఖాలు.

స్థలం అంటే నేల మాత్రమే కాదు

రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మెరక ఉండడం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం మిగిలిన దోషాలు. మట్టి, రాయి అనుకూలించినా నీటిపై అధికారం వివాదాస్పదమైతే ఆ చోటు పనికిరాదని ఈ పట్టిక గుర్తించింది. నేలగుణాన్ని, రాజ్యసరిహద్దును ఒకే వరుసలో నిలపడం దీని విశిష్టత.

ముగింపు

మట్టిని ఎలా పరీక్షించారో, ఊటను ఎలా కొలిచారో శాసనం చెప్పదు. అందువల్ల దీనిని ఆధునిక భూగర్భశాస్త్రానికి పూర్వరూపంగా కీర్తించడం అతిశయోక్తి. కేవలం దానప్రశస్తిగా భావించి పక్కన పెట్టడం కూడా అన్యాయమే. అనుభవంతో తేలిన నియమాలను, వైఫల్యాలను ఒక పాలకుడు రాతిపై నిలిపి, రాబోయే నిర్మాతలకు అందించాడు. సాధనాలతోపాటు దోషాలను కూడా చెప్పినందువల్లనే ఈ శాసనం జలవనరుల చరిత్రకు విలువైన ఆధారమవుతున్నది.