వందకు నలభై

ఫిజీ చెరకు తోటలకు 1879 నుంచి 1916 దాకా అరవై వేలమందికి పైగా భారతీయ కూలీలను ఓడల్లో తరలించారు. 1903లో మద్రాసు నుంచీ ఓడలు మొదలవడంతో తెలుగువాళ్లూ తమిళులూ ఆ దారి పట్టారు. వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లుండాలన్నది సర్కారు నిబంధన. దయతలచి పెట్టినట్టు కనిపించే ఆ లెక్కే మిగతా అరవైమందికి అక్కడ సంసారం లేదని ముందే తేల్చేసింది.

ఆ తోటల్లో కూలీల ఆత్మహత్యలు స్వదేశంలోకంటే ఎన్నో రెట్లు పెరిగాయి. ఆడవాళ్లకోసం అసూయతో చస్తున్నారని అధికారులు తేల్చారు. ఇందులో వాళ్లకో సౌలభ్యం ఉంది: తప్పు కూలీదీ, అతని పక్కనున్న ఆడదానిదీ అవుతుంది, తోటది కాదు. గిర్మిట్ (ఒప్పంద) కూలీ మనవడైన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ 1985లో ఈ వాదాన్ని విప్పి చూశాడు. ఆత్మహత్యల్లో ఎన్నో ఓడ దిగిన తొలి నెలల్లోనే జరిగాయి. అసూయలు ముదిరేంత కాలమే లేదు. వాళ్లను కుంగదీసింది కులం, కుటుంబం, ఊరు ఒక్కసారిగా తెగిపోవడమేనని ఆయన వాదన.

అలాగైతే స్త్రీ పురుష నిష్పత్తికి దీనితో సంబంధమే లేదా అని అడగవచ్చు. ఉందనే నా వాదన, అయితే అధికారులు చూపిన చోట కాదు. తెగిన బంధుత్వాన్ని మళ్లీ అల్లుకోవాలంటే ఇల్లు కావాలి. జ్వరమొస్తే గంజి కాచేవాళ్లు, తాగుడు మితిమీరితే మందలించేవాళ్లు కావాలి. కూలీ లైన్లలో ఒక్కో ఇరుకు గదిలో ముగ్గురేసి ఒంటరి మగవాళ్లను కుక్కితే అవేవీ ఏర్పడవు. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా నష్టపోయింది ఆ కొద్దిమంది స్త్రీలే. హత్యలకూ బలవంతాలకూ ఎక్కువగా గురైంది వాళ్లే. మగవాడికి తగిలింది నెమ్మదిగా తినే దెబ్బ.

కొరడా, గొడ్డుచాకిరీ, రోగాలు చాలవా, నిష్పత్తిని ఎందుకు లాగడం అనేది మరో అభ్యంతరం. ఫిజీలో వీటిని విడదీయడం నిజంగానే కష్టం. అందుకే కొరడా లేని చోటి లెక్క పనికొస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్‌లో 1957లో హైస్కూలు పూర్తిచేసినవాళ్లనూ, లక్షలాది వృద్ధుల రికార్డులనూ పరిశీలించిన ఒక బృందం 2010లో ఫలితాలు వెల్లడించింది. ఈడొచ్చిన నాటికి చుట్టూ మగవాళ్లు మరీ ఎక్కువగా ఉన్నచోట పెరిగిన మగవాళ్లకు, అరవైఐదేళ్లు దాటాక మిగిలే ఆయువు సుమారు మూడు నెలలు తగ్గింది. ఇది తొలి ఆధారమేనని ఆ పరిశోధకులే అన్నారు. సౌకర్యాలున్న సమాజంలో, పెద్దగా కనిపించని అసమతౌల్యానికే ఆ మూడు నెలలు. ఫిజీలో వందకు నలభై అన్న సంఖ్యను మాత్రం యాదృచ్ఛికత రాయలేదు, సర్కారు దస్త్రం రాసింది.