ఇంటి కంప్యూటర్‌కు ఏ ఫైర్‌వాల్ తగినది?

ఫైర్‌వాల్ అనగా కంప్యూటర్‌కూ ఇంటర్నెట్‌కూ నడుమ నిలిచి, వచ్చిపోయే సమాచారాన్ని అనుమతించడమో ఆపడమో చేసే ఏర్పాటు. రాష్ట్ర సరిహద్దులోని చెక్‌పోస్టును ఎరిగినవారికి ఇది కొత్త విషయం కాదు. లారీ ఎక్కడి నుండి వచ్చింది, ఏ దారిన పోవాలి, అనుమతి ఉన్నదా అన్నంతవరకే ఇంటి ఫైర్‌వాల్ విచారిస్తుంది. మూటలు విప్పి చూడదు. ఆ పని యాంటీవైరస్‌ది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే అనవసరపు కొనుగోళ్లు జరుగుతుంటాయి.

2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ ప్రపంచమంతటా వ్యాపించింది. ఈమెయిల్ తెరవనక్కరలేదు, ఏదీ నొక్కనక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్ నెట్‌కు కలిస్తే చాలు, 135వ పోర్టు ద్వారా లోనికి చొరబడేది. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ లేకపోలేదు గాని, అది ఆఫ్‌లోనే ఉండేది. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 విడుదల చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ దానిని మొదటి నుండే పనిచేసేలా మార్చింది. ఆ కాలంలో జోన్‌అలారం వంటి ఉచిత ఫైర్‌వాల్‌ను విడిగా వేసుకొమ్మన్న సలహా సబబైనదే. ఇప్పుడా అవసరం లేదు.

విండోస్‌తో పాటు వచ్చే ఫైర్‌వాల్ ఇంటి వాడకానికి సరిపోతుంది. లోపలి నుండి కోరకుండా బయటి నుండి వచ్చేవాటిని, మినహాయింపు ఇచ్చినవి తప్ప, అది అడ్డుకుంటుంది. స్టార్ట్ మెనూ నుండి విండోస్ సెక్యూరిటీ తెరచి, ‘ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్’ అన్నచోట డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ మూడింటి వద్దా ఆన్ అని ఉన్నదో లేదో చూసుకోవాలి. కొత్త వైఫైకి కలిపినప్పుడు పబ్లిక్ అనే ఉంచడం క్షేమం. ప్రైవేట్ అని పెడితే ఆ నెట్‌లోని ఇతర కంప్యూటర్లకు ఇది కనబడుతుంది. ఇంట్లో ప్రింటర్‌నో ఫైళ్లనో పంచుకునేటప్పుడు తప్ప దానితో పనిలేదు. ఒకే కనెక్షన్‌ను రెండు మూడు ఇళ్లవారు వాడుకునే చోట ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.

డబ్బిచ్చి కొన్న సెక్యూరిటీ ప్యాకేజీలో ఫైర్‌వాల్ ఉంటే విండోస్‌ది సాధారణంగా తప్పుకొని దానికి చోటిస్తుంది. చందా గడువు ముగిశాక రెండింటిలో ఏది పనిచేస్తున్నదో పై పద్ధతిలోనే చూడాలి. రెండింటినీ ఒకేసారి నడిపితే భద్రత రెట్టింపు కాదు, చిక్కులే పెరుగుతాయి.

ఫైబర్ కనెక్షన్‌తో పెట్టిన రౌటర్ కూడా ఒక గోడ వంటిదే. అయితే దాని సెట్టింగులకు కంపెనీవారు పెట్టిన పాస్‌వర్డును మార్చకుండా వదిలిన ఇళ్లే ఎక్కువ. వైఫై పాస్‌వర్డు వేరు, ఇది వేరు. రౌటర్‌ను బయటి నుండి నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ సదుపాయాన్ని ఆపివేయడం మంచిది.

కంప్యూటర్ పాతదైతే గోడ ఒక్కటే కాపాడలేదు. 2017 మేలో వాన్నాక్రై దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దానికి గురైనాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అదే ఏడు మార్చిలోనే వచ్చి ఉన్నది! విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. కర్ణాటక పహణీ, ఆంధ్ర అడంగల్, బ్యాంకు లావాదేవీలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో చూసుకునే కుటుంబం ఈ సంగతిని తేలికగా తీసుకోరాదు.

ఇక ఇంటివారే తలుపు తీసి పిలిచిన దొంగను ఏ ఫైర్‌వాలూ ఆపదు. ‘మీ ఫైర్‌వాల్ ఆగిపోయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని బ్రౌజర్‌లో కనబడేది మోసం. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. అటువంటివారు చెప్పగా ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాం వేసుకుంటే, కనెక్షన్ లోపలి నుండే బయలుదేరుతుంది గనుక ఫైర్‌వాల్ దానిని సమ్మతమైనదిగానే ఎంచుతుంది. అలా జరిగితే మొదట వైఫై ఆపి, వేరే ఫోన్ నుండి బ్యాంకుకూ 1930కూ వెంటనే తెలపాలి. ఖాతా ఒక రాష్ట్రంలో, నివాసం మరొక రాష్ట్రంలో ఉన్నా ఆ నంబరు ఒక్కటే.