రైల్వే క్వార్టర్లలో క్రీడాకారులు: ఖరగ్‌పూర్ కథ

ఒలింపిక్ క్రీడాకారుల కోసం ప్రత్యేకంగా ఒక గ్రామాన్ని మొదటిసారి నిర్మించింది 1932లో, లాస్ ఏంజెలెస్‌లో. ఆటలు ముగిశాక ఆ ఇళ్లను తొలగించారు. ఆ పోటీల్లో స్వర్ణపతకం గెలిచిన భారత హాకీ జట్టులో రిచర్డ్ కార్ సభ్యుడు. పద్నాలుగేళ్ల తరువాత ఆయన పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే మైదానంలో కనిపిస్తారు. అక్కడి క్రీడాకారులకు వేరే గ్రామం లేదు. ఫిట్టర్లు, గార్డులు, గుమాస్తాలు ఉండే రైల్వే కాలనీయే వారి నివాసం. ఆ కాలనీ ఎలా ఏర్పడిందో, అందులో మన తెలుగువారి పాత్ర ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పట్టణం పుట్టుక

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1898–1900 మధ్య నాగపూర్ వైపు, కటక్ వైపు, హౌరా వైపు వెళ్లే మార్గాలు ఖరగ్‌పూర్‌లో కలిశాయి. కూడలి ఏర్పడింది కాబట్టి ఇంజన్లు, బోగీలు బాగుచేసే వర్క్‌షాపు వచ్చింది. వర్క్‌షాపుకు వేలమంది కార్మికులు, వారికి ఇళ్లు కావలసివచ్చాయి.

1902లో వాల్తేరు–కటక్ మార్గం కూడా ఈ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ బయలుదేరినవారికి ఖరగ్‌పూర్ దగ్గరి ఊరైంది. తెలుగు కుటుంబాలు పెరిగాయి. తెలుగు బడులు వెలిశాయి.

హోదాను బట్టి ఇల్లు

కంపెనీ ఇళ్లను ఉద్యోగపు హోదాను బట్టి కట్టింది. సౌత్ సైడ్‌లో అధికారుల బంగళాలు, చుట్టూ తోటలు. మథురాకాటి, నింపురా వంటి చోట్ల కార్మికుల క్వార్టర్లు. ఒక మనిషి ఏ పేటలో ఉంటున్నాడో చెబితే అతని జీతం ఎంతో ఊహించవచ్చు.

ఇల్లు కంపెనీది కనుక పని పోతే కూలితోపాటు తలదాచుకునే చోటూ పోతుంది. 1927లో వర్క్‌షాపు కార్మికుల తొలగింపుపై జరిగిన పోరాటాన్ని ఈ దృష్టితో చూస్తే దాని తీవ్రత అర్థమవుతుంది. ఆ రైల్వే కార్మికుల నాయకులలో వి.వి. గిరి ఒకరు. ఆయనే 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

మైదానం

రైల్వేలు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చి పోషించాయి. 1946లో ఖరగ్‌పూర్‌లో హాకీ సాధన చూస్తున్న ఒక యువ ఫుట్‌బాల్ ఆటగాడిని రిచర్డ్ కార్ ఆటలోకి పిలిచారు. అతడే లెస్లీ క్లాడియస్. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లలో స్వర్ణాలు, 1960లో రజతం సాధించిన జట్లలో క్లాడియస్ ఆడారు.

1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక కూడా ఈ సంప్రదాయం కొనసాగింది. 2001లో రాంచీకి చెందిన ఒక సామాన్య ఉద్యోగి కుమారుడు ఇక్కడ టికెట్ తనిఖీ ఉద్యోగిగా చేరి, సహచరులతో కలిసి రైల్వే క్వార్టర్లో ఉంటూ రైల్వే జట్టుకు ఆడాడు. అతడు మహేంద్రసింగ్ ధోనీ. 2003 వరకు ఇక్కడ పనిచేశాడు. 2004 డిసెంబరులో భారత జట్టులో అడుగుపెట్టాడు. 2011లో అతని నాయకత్వంలో భారత్ ప్రపంచ కప్ గెలిచింది.

నెల తిరిగేసరికి జీతం, ఉండడానికి ఒక గది, ఆడడానికి ఒక మైదానం: సామాన్య కుటుంబం నుంచి వచ్చిన ఆటగాడికి రైల్వే ఇచ్చినవి ఇవే.

మిగిలేది ఏమిటి?

అయితే క్వార్టర్ ఎవరికీ శాశ్వతం కాదు. ఉద్యోగం వదిలిన ఆటగాడు ఖాళీ చేయాలి. పదవీ విరమణ చేసిన కార్మికుడూ గడువులోగా ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు కాపురం చేసిన గడప మరొకరి పేర రాస్తారు. ఆ తరువాత కొందరు స్వస్థలాలకు తిరిగి వెళ్లారు. కొందరు రైల్వే హద్దు బయట సొంత ఇళ్లు కట్టుకుని అక్కడే స్థిరపడ్డారు. వారి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ మాట్లాడుతూ పెరిగారు.

గొప్ప ఆటగాడు నివసించిన గదిని చూడడానికి జనం వస్తారు. ఆ పక్క క్వార్టర్లో ఉన్న ఫిట్టరు పేరు అడిగేవారు ఉండరు. ఇద్దరికీ ఇల్లు ఇచ్చింది ఒకే రైల్వే, ఖాళీ చేయించేదీ అదే. పట్టణ చరిత్రలో ఇద్దరికీ చోటుండాలి.

విద్యార్థులారా! మీ ఊళ్లో రైల్వే కాలనీ గానీ, మిల్లు కాలనీ గానీ ఉంటే అక్కడి పెద్దలను కలవండి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎప్పుడు ఖాళీ చేశారో అడిగి రాసుకోండి. కట్టడాలు పడిపోయాక చరిత్రకు ఆధారంగా నిలిచేది అటువంటి రాతలే.